ఐరిష్ సైనికుల కాబీన్ టోపీ, దాని బ్యాడ్జీలు: ఏ పటాలానికి ఏది, ఎప్పటి నుంచి?

రంగస్థలి (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. 1920 వేసవిలో జలంధర్‌లోనూ సోలన్‌లోనూ కన్నాట్ రేంజర్స్ అనే ఐరిష్ పటాలం బ్రిటిష్ ప్రభుత్వం మీద తిరగబడిన ఉదంతాన్ని మా నాటక సమాజం వేదిక మీదికి తెస్తోంది. దుస్తుల విషయంలో ఒక సందేహం తీరక ఇక్కడికి వచ్చాను. ఐరిష్ సైనికుల టోపీ అని వెతికితే ఎక్కడ చూసినా ముదురాకుపచ్చ రంగులో, ఒక పక్కకు వాలి ఉండే మెత్తటి ఉన్ని టోపీయే కనిపిస్తోంది. దానిని కాబీన్ అంటారని, దాని ముందు భాగంలో కిరీటం, హార్ప్ వాద్యం కలిసిన బ్యాడ్జి పెట్టి, వెనుక ఆకుపచ్చ ఈకల తురాయి నిలబెడతారని చదివాను. నమూనా కోసం ఒకటి తెప్పించాము. మిగిలినవి ఆ కొలతల ప్రకారం ఇక్కడే కుట్టించాలన్నది మా ఆలోచన.

దర్జీకి పని అప్పగించే ముందు మూడు విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. ఆ పటాలానికి ఈ టోపీ సరిపోతుందా? బ్యాడ్జి ఏ కంటి పైన ఉండాలి? మరో దేశపు సైనిక చిహ్నాన్ని నటులు ధరిస్తే చట్టం ఏమైనా అడ్డు చెబుతుందా?

బ్యాడ్జీల పెట్టె (సికింద్రాబాద్)

రంగస్థలి గారూ, దర్జీని ఆపండి. 1920లో జలంధర్‌లో ఉన్న కన్నాట్ రేంజర్స్ సిపాయి తల మీద కాబీన్ ఉండే అవకాశమే లేదు.

కాబీన్ పేరు, ఆకారం ఐర్లండ్ పల్లె జనం పెట్టుకున్న పాత టోపీ నుంచి వచ్చినవే. పదిహేడో శతాబ్దపు సేనాని ఓవెన్ రో ఓనీల్ అటువంటి టోపీ పెట్టుకొనేవాడని ఐరిష్ వారు చెప్పుకొంటారు. అయితే బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ పటాలాలకు అది యూనిఫారంలో భాగం కావడం చాలా ఇటీవలి సంగతి. మొదట్లో అది బ్యాగ్‌పైప్ వాయించే పైపర్లకే పరిమితం. లండన్ ఐరిష్ రైఫిల్స్ 1937లో రాయల్ అల్స్టర్ రైఫిల్స్ కుటుంబంలో చేరినప్పుడు ఆ పటాలంలోని అన్ని హోదాల వారికీ దానిని ధరించే అనుమతి లభించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో పోరాడిన 38వ ఐరిష్ బ్రిగేడులో వీరిని చూసి మిగిలిన ఐరిష్ పటాలాల వారు కూడా దాని మీద మనసు పడ్డారు. యుద్ధం ముగిశాక, 1947లో, అప్పటికి మిగిలి ఉన్న ఐరిష్ కాల్బల పటాలాలన్నిటికీ అదే అధికారికమైన టోపీ అయింది.

మీ కథలోని కన్నాట్ రేంజర్స్ అప్పటికి లేరు. దక్షిణ ఐర్లండ్ స్వతంత్ర రాజ్యంగా ఏర్పడుతున్న వేళ, 1922లో, రాయల్ ఐరిష్ రెజిమెంట్, లీన్‌స్టర్ రెజిమెంట్, మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్, డబ్లిన్ ఫ్యూజిలియర్స్ పటాలాలతో పాటు దానిని కూడా రద్దు చేశారు. ఆ ఏడాది జూన్‌లో వారి పతాకాలను విండ్సర్ కోటలో రాజుకు అప్పగించారు. కాబట్టి కన్నాట్ బ్యాడ్జి ఉన్న కాబీన్ ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే అది ఎవరో ఊహతో జత చేసిన వస్తువు అనుకోవచ్చు.

మీరు తెప్పించిన నమూనా బ్యాడ్జి మీద కిందనున్న పట్టీలో ఏమి రాసి ఉంది? కిరీటం పై వంపులు మధ్యలో కిందికి కుంగి ఉన్నాయా, గుండ్రంగా పైకి లేచి ఉన్నాయా? ఇవి చెబితే అది ఏ కాలానిదో తేల్చవచ్చు.

మాజీ సుబేదారు (కడప)

చరిత్ర సంగతి పై సభ్యులకు వదిలి, ధరించే పద్ధతి వరకు నేను చెబుతాను. ఇరవై ఏళ్ళకు పైగా బెరే టోపీ పెట్టుకున్న తల నాది. కాబీన్ కూడా ఆ జాతిదే, కాకపోతే దాని చుట్టుకొలత ఎక్కువ, బట్ట ఒదులుగా ఉంటుంది.

మన బెరేకు భిన్నంగా, కాబీన్ మీద బ్యాడ్జి కుడి కంటికి సరిగ్గా పైన నిలబడాలి. బట్ట అంతా ఎడమ చెవి వైపు వాలాలి. అంచు పట్టీ కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తున, తల చుట్టూ సమంగా, నేలకు సమాంతరంగా ఉండాలి. కొత్త నటులు చేసే పొరపాటు ఏమిటంటే, టోపీని వెనక్కి నెట్టి, నుదురంతా కనిపించేలా పెట్టుకుంటారు. దూరం నుంచి చూస్తే అది హోటల్లో దోసెలు వేసే మాస్టారు టోపీలాగే కనిపిస్తుంది.

కొత్త ఉన్ని టోపీ పెట్టె నుంచి తీయగానే తల మీద కుదరదు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెలితిప్పి పిండకుండా అరచేతులతో ఒత్తి నీరు తీసి, తడిగానే తలకు పెట్టుకొని, వాలు సరిచేసి, ఆరేదాకా అలాగే ఉంచుకోవాలి. ఆ తరువాత దానిని మడిచి పెట్టెలో కుక్కకూడదు. వెనుక ముడి వేసే సన్నని పట్టీ ఉంటే బిగించి, కొసలను లోపలికి దోపాలి.

తురాయిని మేము హ్యాకిల్ అంటాము. మన గ్రెనేడియర్స్ వారికి తెల్లనిది ఉంటుంది. అది బ్యాడ్జి వెనుక నుంచి నిటారుగా లేవాలి. అడుగున ఉన్న తీగను బ్యాడ్జి వెనకనున్న సందులోకి దోపి, లోపల ఒక కుట్టు వేస్తే కవాతులో ఊగదు. వాన తగిలిన తురాయిని ఎండలో పెడితే ఈకలు పెళుసుబారిపోతాయి. నీడలో తలకిందులుగా వేలాడదీసి, ఆరాక వేళ్ళతో విడదీయాలి.

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మన భారతీయ న్యాయ సంహితలోని 168వ సెక్షను, అంటే పాత శిక్షాస్మృతిలోని 140, సైనికుడు కానివాడు తనను సైనికుడని ఇతరులు నమ్మాలనే ఉద్దేశంతో మన సైన్యపు దుస్తులో చిహ్నాలో ధరించడాన్ని నేరంగా చూస్తుంది. టికెట్టు కొని చూసే నాటకంలో ఆ ఉద్దేశం ఉండదు. అయినా వేషం వేసుకొని వీధుల్లో తిరగకపోవడమే మర్యాద.

రంగస్థలి (విశాఖపట్నం)

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్యాడ్జి కింది పట్టీలో రాయల్ ఐరిష్ రేంజర్స్ అని ఉంది. కిరీటపు వంపులు మధ్యలో కుంగి ఉన్నాయి. వెనుక వైపు చదునుగా, కొంచెం గరుకుగా ఉంది. చేతిలో పట్టుకుంటే బరువుగా తగులుతోంది.

అయితే నా ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. ప్రేక్షకులు సైనిక చరిత్ర చదువుకొని రారు. సోలా టోపీలు, అంటే బెండుతో చేసిన ఎండ టోపీలు పెట్టుకున్న తెల్లదొరలు అనగానే మన వాళ్ళ కళ్ళకు అందరూ ఆంగ్లేయులే. వీళ్ళు వేరే జాతి వాళ్ళు, వీళ్ళ ఊళ్ళలో కూడా తెల్లదొరల సైన్యమే ఇళ్ళు తగలబెడుతోంది అన్న విషయం తెర లేచిన మొదటి క్షణంలో తెలియాలంటే ఆకుపచ్చ టోపీ కంటే సులువైన గుర్తు నాకు తోచలేదు.

బ్యాడ్జీల పెట్టె (సికింద్రాబాద్)

మీ నమూనా ఏదో తేలిపోయింది. ఉత్తర ఐర్లండ్‌లో మిగిలిన మూడు పటాలాలను, అంటే ఇన్నిస్కిల్లింగ్ ఫ్యూజిలియర్స్, అల్స్టర్ రైఫిల్స్, ఐరిష్ ఫ్యూజిలియర్స్ పటాలాలను 1968 జూలై 1న కలిపి రాయల్ ఐరిష్ రేంజర్స్ చేశారు. అది 1992లో అల్స్టర్ డిఫెన్స్ రెజిమెంటుతో కలిసి ఇప్పటి రాయల్ ఐరిష్ రెజిమెంట్ అయింది. వంపులు కుంగిన కిరీటం ఎలిజబెత్ రాణి కాలపు గుర్తు. కాబట్టి మీ టోపీ, బ్యాడ్జి, ఆకుపచ్చ తురాయి మూడూ ఒకదానికొకటి చక్కగా సరిపోతాయి, 1968 నుంచి 1992 వరకు. మీ కథకు అవి కనీసం 48 ఏళ్ళు ఆలస్యం.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కాబీన్ మీద ఏది పెట్టాలన్న ప్రశ్నలో ఎక్కువమంది తడబడేది తురాయి రంగు దగ్గరే. కలయికకు ముందు మూడు పటాలాలూ కాబీన్ ధరించేవి, దూరం నుంచి మనిషిని పోల్చుకొనేది తురాయితోనే. ఇన్నిస్కిల్లింగ్ వారిది బూడిద రంగు, అల్స్టర్ రైఫిల్స్ వారిది నలుపు, ఐరిష్ ఫ్యూజిలియర్స్ వారిది ఆకుపచ్చ. లండన్ ఐరిష్ వారిది సెయింట్ పాట్రిక్ నీలం అనే లేత నీలం. ఐరిష్ గార్డ్స్‌లో కాబీన్ పైపర్లకే ఉంటుంది, తురాయి అదే నీలం. ఆ పటాలంలోని తక్కిన వారు పెద్ద ఎలుగుబంటి చర్మపు టోపీకి కుడి పక్కన నీలి ఈకలు పెడతారు.

బ్యాడ్జీలు సరేసరి. ఇన్నిస్కిల్లింగ్ వారిది మండుతున్న గుండు, అంటే పాతకాలపు గ్రెనేడు, మీద కోట బొమ్మ, కోట మీద జెండా. ఐరిష్ ఫ్యూజిలియర్స్ వారిది కూడా మండుతున్న గుండే, అయితే దాని మీద హార్ప్ ఉంటుంది. ఫ్యూజిలియర్ అన్న పేరున్న పటాలానికి ఆ గుండు వంశచిహ్నం వంటిది. రైఫిల్స్ వారిది కిరీటం కింద హార్ప్. 1950ల చివర్లో ఈ మూడింటికీ కలిపి నార్త్ ఐరిష్ బ్రిగేడ్ అని రాసి ఉన్న ఒకే బ్యాడ్జిని ఇవ్వడంతో, అప్పటి నుంచి 1968 దాకా ఏ మనిషి ఏ పటాలం వాడో చెప్పే భారం తురాయి మీదే పడింది. కలయికలో ఎవరినీ నొప్పించకుండా పంపకం చేసుకున్నారు. హార్ప్, కిరీటం రైఫిల్స్ నుంచి వచ్చాయి. ఆకుపచ్చ తురాయి ఐరిష్ ఫ్యూజిలియర్స్ నుంచి వచ్చింది. ఇన్నిస్కిల్లింగ్ కోట చొక్కా కాలరు మీదికి చేరింది. ఏ పాత సైనికుడు చూసినా తనదొకటి కనిపించేలా చేసిన ఆ ఏర్పాటు నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

వెనుక వైపు చదునుగా, బరువుగా ఉందన్నారు, అది పోతపోసిన నకలు. అసలు బ్యాడ్జీలను పలుచని రేకు మీద అచ్చు దిమ్మెతో కొట్టి తయారుచేస్తారు. అందువల్ల ముందు ఉబ్బెత్తుగా ఉన్న ప్రతి గీతా వెనుక గుంటగా కనిపిస్తుంది. హార్ప్ తంతుల మధ్య ఖాళీలు ఆరపార తెగి ఉండాలి. నకళ్ళలో అవి చాలాసార్లు పూడిపోయి ఉంటాయి. నాటకానికి నకలు చాలు, కాని అసలు ధర పెట్టి కొనకండి.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

చర్చ మన నేల వైపు మళ్ళించే అవకాశం వచ్చింది కాబట్టి ఒక మాట. పైన చెప్పిన రద్దయిన పటాలాల్లో మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ ఉంది కదా. వారి బ్యాడ్జిలో మండుతున్న గుండు మీద బెంగాల్ పులి ఉంటుంది. ఐర్లండ్ నైరుతి మూలనున్న ట్రలీ ఊరి పటాలానికి పులి ఎక్కడిదంటే, దాని మూలం ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ యూరోపియన్ పటాలం. 1881 సంస్కరణల్లో దానికి ఐరిష్ జిల్లాలను కేటాయించి పేరు మార్చారు.

ఆ పటాలం యుద్ధ గౌరవాల జాబితాలో కాండోర్, మచిలీపట్నం అనే రెండు పేర్లున్నాయి. కాండోర్ అంటే పిఠాపురం దగ్గరి చందుర్తి. క్లైవు బెంగాలు నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్ సైన్యం 1758 అక్టోబరులో రంగస్థలి గారి విశాఖలోనే ఓడ దిగి, విజయనగరం ఆనందరాజు సేనతో కలిసి, డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా దానికి చిక్కింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచి వారి చేతిలోంచి జారిపోయినది అక్కడే.

ఇంత సంబంధం ఉన్నప్పుడు కన్నాట్ వారి స్థానంలో మన్‌స్టర్ వారి పులి బ్యాడ్జిని కాబీన్‌కు తగిలిస్తే మన ప్రేక్షకులకు మరింత దగ్గరగా ఉంటుందేమో ఆలోచించండి.

బ్యాడ్జీల పెట్టె (సికింద్రాబాద్)

గోదావరి గట్టు గారూ, చందుర్తి సంగతి చెప్పినందుకు సంతోషం. పులి విషయంలో మాత్రం అంగీకరించలేను. మన్‌స్టర్ వారు 1922లో రద్దయ్యారు, కాబీన్ 1947లో అధికారికమైంది. ఆ పులికి ఆ టోపీతో ఒక్కరోజు పరిచయం కూడా లేదు. పైగా జలంధర్‌లో తిరగబడినది వారు కాదు. చందుర్తిలో పోరాడిన వాళ్ళను ఐరిష్ పటాలం అనడం కూడా కుదరదు. ఆ పేరు వారి వారసులకు నూటఇరవై ఏళ్ళ తరువాత తగిలింది, గౌరవాలు పతాకం మీదికి వారసత్వంగా వచ్చాయి. పులి, ఏనుగు రెండూ ఉన్న డబ్లిన్ ఫ్యూజిలియర్స్ బ్యాడ్జి కథ కూడా ఇటువంటిదే. అది మద్రాసు, బొంబాయి కంపెనీ పటాలాల సంతానం.

డబ్లిన్ వాకిలి (డబ్లిన్)

నేను ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన గుంటూరు వాడిని. బ్యాడ్జి మీది కిరీటం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అదే అసలు విషయం. హార్ప్ ఈ దేశపు అధికార చిహ్నం. పాస్‌పోర్టు మీద, నాణేల మీద అదే ఉంటుంది. దాని మీద కిరీటం పెట్టగానే అది బ్రిటిష్ రాజు సేవలో ఉన్న ఐరిష్ వాడి గుర్తు అవుతుంది. ఒకే ఇంట్లో తాత కిరీటం ఉన్న హార్ప్‌తో ఫ్రాన్సు కందకాల్లో పోరాడితే, ఆయన తమ్ముడు కిరీటం లేని గుర్తుతో డబ్లిన్ వీధుల్లో పోరాడిన కుటుంబాలు ఇక్కడ కొల్లలు. చాలాకాలం మొదటి తాత గురించి పెద్దగా మాట్లాడుకొనేవారు కాదు. ఇప్పుడు లటియెన్స్ రూపొందించిన ఐలండ్‌బ్రిడ్జ్ యుద్ధ స్మారకోద్యానంలో జరిగే సంస్మరణలకు ప్రభుత్వ పెద్దలు కూడా వస్తున్నారు. దిల్లీ నగరాన్ని గీసిన లటియెన్స్ ఆయనే.

ఐర్లండ్ సొంత సైన్యానిది వేరే బ్యాడ్జి. సూర్యకిరణాల వంటి నక్షత్రం మధ్యలో ఎఫ్ ఎఫ్ అనే రెండక్షరాలుంటాయి. 1913లో ఐరిష్ వాలంటీర్లు అనే జాతీయవాద దళం కోసం ఓవెన్ మెక్‌నీల్ అనే చరిత్రకారుడు దానిని రూపొందించారు. ఆ అక్షరాలు చూసి ఇక్కడి ఫియన్నా ఫాయిల్ అనే రాజకీయ పార్టీ గుర్తు అనుకొనే కొత్తవారున్నారు, ఆ పార్టీ పుట్టింది 1926లో. ఆ బ్యాడ్జిని సాధారణ సైనికులు బెరే మీద పెట్టుకుంటారు. కాబట్టి కిరీటం ఉన్న కాబీన్ పెట్టి, ఇది ఐర్లండ్ స్వాతంత్ర్య వీరుల టోపీ అన్నట్లు చూపిస్తే, ఇక్కడి వారెవరైనా ఆ ఫోటో చూస్తే తల పట్టుకుంటారు.

బ్రిటన్‌లో 1894 నాటి యూనిఫారాల చట్టం అనుమతి లేకుండా సైనిక దుస్తులు, పటాలపు గుర్తులు ధరించడాన్ని నిషేధిస్తూనే రంగస్థల ప్రదర్శనలకు మినహాయింపు ఇచ్చింది. నాటకాన్ని ఎప్పుడైనా బ్రిటన్‌కు తీసుకువెళ్తే అది మీకు పనికి వస్తుంది.

లాగన్ తీరం (బెల్‌ఫాస్ట్)

డబ్లిన్ వాకిలి గారు చెప్పినదానికి ఇటువైపు నుంచి ఒక చేర్పు. బెల్‌ఫాస్ట్‌లో రాయల్ ఐరిష్ రెజిమెంట్ వారి కాబీన్ ఇప్పటికీ సజీవమైన వస్తువు, మ్యూజియంలోది కాదు. సెయింట్ పాట్రిక్ దినమైన మార్చి 17న టోపీకి మూడు రేకుల షామ్‌రాక్ ఆకుల గుత్తిని కూడా తగిలిస్తారు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఐరిష్ సైనికుల తెగువకు మెచ్చి 1900లో విక్టోరియా రాణి ఇచ్చిన అనుమతి అది. అదే ఏడాది ఐరిష్ గార్డ్స్ పటాలం కూడా పుట్టింది.

బ్యాడ్జి కాలం గుర్తించేవారు ఇకపై జాగ్రత్త పడాలి. గుండ్రటి వంపుల ట్యూడర్ కిరీటం కనిపిస్తే 1953కు ముందుదని ఇన్నాళ్ళూ తేల్చేసేవాళ్ళం. 2022లో చార్లెస్ రాజు మళ్ళీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకోవడంతో కొత్త బ్యాడ్జీలు కూడా ఆ ఆకారంలో వస్తున్నాయి. అమ్మేవాడు పాతది అన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు.

నేపథ్యం (హైదరాబాద్)

నేను నాటకాలకు దుస్తులు సమకూర్చే వృత్తిలో ఉన్నాను. సేకరణకారుల ఖచ్చితత్వం మీద నాకు గౌరవం ఉంది, కాని వేదిక ఒక ప్రదర్శనశాల కాదు. పౌరాణిక నాటకాల్లో శ్రీకృష్ణుడి కిరీటం ఏ శతాబ్దానిదని మనం ఎన్నడూ అడగలేదు. వరుసలో కూర్చున్న మనిషికి రెండు సెకన్లలో విషయం అందడమే దుస్తుల పని. బ్యాడ్జి మీది అక్షరాలు మూడో వరుసకే కనిపించవు. రంగస్థలి గారు ఆకుపచ్చ టోపీ వాడుకుంటే కొంపలు మునగవని నా అభిప్రాయం.

బ్యాడ్జీల పెట్టె (సికింద్రాబాద్)

నేపథ్యం గారూ, కృష్ణుడి కిరీటానికి ఫోటోలు లేవు, ఆ సైన్యానికి ఉన్నాయి. అయితే నా అభ్యంతరం సంవత్సరాల లెక్కతో ఆగదు. కాబీన్ అంటే బ్రిటిష్ సైన్యం ఐరిష్ వాళ్ళ ఐరిష్ తనాన్ని మెచ్చి, గుర్తించి, యూనిఫారంలో చోటిచ్చిన టోపీ. జలంధర్ కుర్రాళ్ళకు దక్కనిదే అది. వారి తల మీద ఏ ఆంగ్లేయ పటాలం వాడి తల మీదైనా ఉండే ఖాకీ గుడ్డ చుట్టిన సోలా టోపీయే ఉంది. ఎండాకాలంలో పగటిపూట అది లేకుండా బారకాసు బయట అడుగుపెడితే శిక్ష పడేది. సాయంత్రాలు పెట్టుకొనే ముందు అంచు ఉన్న ఖాకీ టోపీ మీద మాత్రం హార్ప్, కిరీటం, కింద కన్నాట్ రేంజర్స్ అన్న పట్టీ ఉన్న ఇత్తడి బ్యాడ్జి ఉండేది. తమను ఎవరి గుర్తుగా నిలబెట్టారో వారి మీదే తిరగబడ్డ మనుషులకు మీరు ముందే వేరే టోపీ పెట్టేస్తే, వారు తిరగబడవలసిన అవసరమే ప్రేక్షకుడికి కనిపించదు.

మీకు కావలసిన ఐరిష్ గుర్తు ఆ చరిత్రలోనే ఉంది. 1920 జూన్ 28న జలంధర్‌లోని వెల్లింగ్టన్ బారకాసుల్లో కొద్దిమంది మొదట పని మానేశారు. ఐర్లండ్‌లో ప్రభుత్వ బలగాలు చేస్తున్న దురాగతాలు ఆగేదాకా తాము కొలువు చేయమన్నారు. ఒక్కరోజులో అది వందలమందికి పాకింది. వారు బజారులో గుడ్డ కొని, ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల జెండా కుట్టి ఎగరేశారు. అవే రంగుల గుడ్డతో పువ్వుల్లాంటి కుచ్చులు చేసి యూనిఫారం మీద తగిలించుకున్నారు. జలంధర్ బజారు గుడ్డతో చేసిన ఆ కుచ్చే వారి అసలు బ్యాడ్జి. తెర లేచినప్పుడు అందరూ ఒకేలా ఖాకీలో, సోలా టోపీలతో ఉండనివ్వండి. మొదటి అంకం చివర ఒక్కొక్కరి గుండె మీద ఆ కుచ్చు చేరుతుంటే ఎవరెవరో ప్రేక్షకుడికి మీరు చెప్పక్కరలేదు.

నేపథ్యం (హైదరాబాద్)

ఈ ఆలోచన నాకు నచ్చింది. వేదిక మీద మారే దుస్తు, మారని దుస్తు కంటే ఎప్పుడూ బలమైనదే. సోలా టోపీలకు బెండు కోసం వెతకనక్కరలేదు. అట్టగుజ్జుతో అచ్చు తీసి ఖాకీ గుడ్డ అతికించి, పైన మడతలు వేసిన గుడ్డ చుడితే సరిపోతుంది. మునుపటి నా వాదన మాత్రం అలాగే ఉంది. దర్శకుడికి వేరే దారి లేకపోతే ఆకుపచ్చ టోపీని తప్పుపట్టను.

మాజీ సుబేదారు (కడప)

సోలన్ దృశ్యం పెడుతున్నారా? జూలై 1 రాత్రి కన్నాట్ సిపాయి జేమ్స్ డేలీ నాయకత్వంలో కొందరు బాయినెట్లతో ఆయుధాగారం మీదికి వెళ్ళారు, కాపలావాళ్ళ కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. రాత్రివేళ కాబట్టి అక్కడ సోలా టోపీ అక్కరలేదు. అక్కడ తలలను ఖాళీగా వదిలేస్తే మొదటి అంకానికీ దీనికీ తేడా కనిపిస్తుంది. డేలీని ఆ నవంబరు 2న సోలన్ దగ్గరి దగ్షాయిలో కాల్చిచంపారు. శిక్ష పడ్డ సైనికుడి దుస్తుల మీద పటాలపు గుర్తులు ఉంచాలా తీసేయాలా అన్నది దర్శకుడి ఇష్టానికి వదిలేస్తాను. నా వరకు తీసేయమంటాను.

రంగస్థలి (విశాఖపట్నం)

కాబీన్లు కుట్టించడం మానుకున్నాము. సోలా టోపీలు, సాయంత్రపు దృశ్యానికి ఇత్తడి బ్యాడ్జి ఉన్న అంచుటోపీలు, ఆ తరువాత కుచ్చులు, ఈ వరుసలో వెళ్తున్నాము. నిన్న రిహార్సల్లో కుచ్చులతో ప్రయత్నిస్తే కొత్త చిక్కు వచ్చిపడింది. నారింజ, తెలుపు, ఆకుపచ్చ కనిపించగానే చూడవచ్చిన మిత్రులందరూ అది మన జాతీయ జెండా అనుకున్నారు. ఐరిష్ సైనికులు మన స్వాతంత్ర్యం కోసం పోరాడారా అని ఒకరు అడిగారు కూడా. దీనికి మార్గం ఏమైనా ఉందా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

1920 జూన్‌లో మనకు ఆ మూడు రంగుల జెండాయే లేదు. పింగళి వెంకయ్య గారు బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీగారికి జెండా నమూనా చూపింది 1921లో, అది ఎరుపు, ఆకుపచ్చ రంగులది. కావాలంటే బజారులో గుడ్డ అమ్మే పంజాబీ వర్తకుడి పాత్ర చేత ఈ రంగులు ఎవరివని అడిగించండి. సిపాయి జవాబులోనే విషయం తేలిపోతుంది.

డబ్లిన్ వాకిలి (డబ్లిన్)

దానితో పాటు జెండాను ముందు చూపించండి, కుచ్చు తరువాత రావాలి. ఐరిష్ జెండాలో పట్టీలు నిలువుగా ఉంటాయి, కర్రను ఆనుకొని ఆకుపచ్చ, మధ్యలో తెలుపు, కొసన నారింజ. అశోకచక్రం ఉండదు కాబట్టి నిలువు పట్టీలు ఒక్కసారి కంటికి అలవాటైతే కుచ్చును కూడా దానితోనే జోడించుకుంటారు. నారింజకు కాషాయపు గుడ్డ వాడకండి, కమలాపండు తొక్క రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. కుచ్చులో ఆకుపచ్చ భాగాన్ని ఎక్కువగా ఉంచి, నారింజను అంచుకు పరిమితం చేస్తే వేదిక దీపాల కింద ఆకుపచ్చే ముందు కనిపిస్తుంది. చొక్కా ఎడమ జేబు పైన, గుండీల వరుసకు నాలుగు వేళ్ళ దూరంలో కుట్టించండి. పిన్నుతో పెడితే తుపాకి పట్టీ తగిలి ఊడిపోతుంది.